మేకతోలుకు కుంకుమబొట్టు

మొన్న ఒక పెద్ద హోటల్లో సంగీత కార్యక్రమానికి పిలిస్తే వెళ్ళాను. వేదిక మీద ఒక కుర్రాడు గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగించిన వాయిద్యాన్ని ఎదకు ఆనించుకుని చిన్న కర్రతో మోగిస్తున్నాడు. పరిచయం చేసినాయన మైకులో గొంతు బరువు చేసుకుని, "ఇది ఐర్లండ్ దేశపు జానపద వాయిద్యం, బౌరాన్ అంటారు" అన్నాడు. ముందు వరసలోని పట్టుచీరలు భక్తిగా తలలూపాయి. నేను తలుపు పక్క కుర్చీలో ఉన్నాను కాబట్టి నాకు రెండు చప్పుళ్ళు వినబడుతున్నాయి. బయట, కార్లు ఆగేచోట, అతిథులకు స్వాగతం చెప్పడానికి పిలిపించిన డప్పుల బృందం ఉంది. వాళ్ళను లోపలికి రానివ్వరట. చట్రం అదే, తోలు అదే, కర్ర అదే. ఒకదానికి ఏసీ, రెండోదానికి దుమ్ము.

కోపం రాలేదా అంటారేమో. కోపం నాకు రోజూ ఉండే పనే. దాని మీదే నాలుగు పుస్తకాలు రాశాను. ఆ రోజు మాత్రం నవ్వు వచ్చింది. పక్కాయన "ఏమైందండీ?" అని అడిగేంత నవ్వు. ఆయనకు ఏం చెప్పను? ఒకప్పుడు ఇదే వాయిద్యానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, దేవుడి పటం పక్కన కూర్చోబెట్టిన ఒక పూజ గుర్తుకొచ్చిందని చెప్పాలా?

అప్పుడు మేం ఖతర్‌లో, మెసయీద్‌లో ఉండేవాళ్ళం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక దిబ్బలు, మధ్యలో ఫ్యాక్టరీలు. మా బాపు ఎరువుల కంపెనీలో ఫిట్టరు. గాలి మా క్వార్టర్ల వైపు తిరిగితే అమోనియా ఘాటు ముక్కును పట్టి గుంజేది. అది మాకెంత అలవాటంటే, సెలవులకు ఊరికి పోతే గాలి చప్పగా ఉన్నట్టు తోచేది. బడిలో దోహా పిల్లలు మమ్మల్ని 'యూరియా బ్యాచ్' అని వెక్కిరించేవాళ్ళు. వాళ్ళ పప్పన్నం మొలిచిందీ మా యూరియాతోనే అని నేను జవాబు చెప్పేదాన్ని. వాదన నాకు పాలపళ్ళతో పాటే వచ్చింది.

మా ఇంట్లో నా నాలుకకు రెండు డ్యూటీలుండేవి. గడప లోపల అవ్వ, గడప దాటితే మమ్మీ. లోపల బాపు, బయట డాడీ. కరీంనగర్ దిక్కు మా వాడలో అమ్మను అవ్వ అనే పిలుస్తారు. ఆ ఒక్క పిలుపు పట్టుకుని ఊరు అడుగుతారని, ఊరు చెబితే వాడ అడుగుతారని, వాడ తెలిస్తే ఇక అడగరని బాపు భయం.

కులం అడగని దేశం కదా అది అని మీరనవచ్చు. దేశం అడగలేదు. ఎదురింటివాళ్ళు అడిగారు.

"మీరేవిట్లండీ?" అని వచ్చిన కొత్తలోనే ఎదురింటి ఆంటీ మా అవ్వను అడిగింది. అవ్వ బాపు వైపు చూసింది. బాపు, "మేం కరీంనగర్ వాళ్ళమండీ" అన్నాడు. అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధం లేదు. కానీ మర్యాదస్తులు ఒకే ప్రశ్న రెండుసార్లు వేయరు. ఆ మర్యాద చాటునే మేం బతికాం. శుక్రవారం బోటికూర వండితే కిటికీలన్నీ మూసి, ఏసీ పెద్దది చేసి, తలుపు కింద తడిగుడ్డ పెట్టేవాళ్ళం. కూర మాత్రం అమృతం. ఆ కూరతో పాటు భయం తినడం కూడా అలవాటైపోయింది.

ఎదురింటి ఆంటీది కృష్ణా తీరం. భర్త బాపు షిఫ్టుకు ఇన్‌చార్జి. ఆవిడ క్వార్టర్ల పిల్లలకు సంగీతం నేర్పేది కాబట్టి మేం సంగీతం ఆంటీ అనేవాళ్ళం. నేనూ కొన్నాళ్ళు కూర్చున్నాను. "అమ్మాయికి శ్రుతి నిలవదమ్మా, చదువు మీద పెట్టండి" అని మెల్లగా పంపించేసింది. చెడ్డ మనిషి కాదు. నాకు పొంగు పోసినప్పుడు పూటపూటా చారన్నం కలిపి తెచ్చింది. అదే చిక్కు. చెడ్డవాళ్ళతో పోట్లాడటం తేలిక. చారన్నం తెచ్చేవాళ్ళతోనే కష్టం.

వరస చివరింట్లో ఐర్లండ్ జంట ఉండేది. ఆయన మీటర్లూ వాల్వులూ చూసే సెక్షన్‌లో పనిచేసేవాడు, ఎర్రటి గడ్డం. ఆమె కంపెనీ క్లినిక్‌లో నర్సు. మేం ఎర్రగడ్డం అంకుల్, నర్సాంటీ అనుకునేవాళ్ళం. ఒకసారి ఇంజెక్షన్ భయంతో నేను మంచం కిందికి దూరితే, ఆమె నన్ను లాగలేదు. తనూ నేల మీద చతికిలపడి, జేబులోంచి ఒక రేకు పిల్లనగ్రోవి తీసి ఊదడం మొదలుపెట్టింది. ఆరు రంధ్రాలు, పచ్చరంగు మూతి. ఆ పాట తకిట తకిట అంటూ గంతులేసుకుంటూ పోయింది. నేను మంచం కిందినుంచి బయటికొచ్చాను. సూది ఎప్పుడు గుచ్చిందో తెలియలేదు. ఆ సూదికి ఫీజుగా పిల్లనగ్రోవి నేర్పమన్నాను.

నేర్పింది. పుస్తకం లేదు, స్వరాలు రాసుకోవడం లేదు. ఆమె ఒక ముక్క ఊదుతుంది, నేను తిరిగి ఊదాలి. తప్పితే మళ్ళీ ఊదుతుంది. "చెవి ఉందిగా, కాగితం ఎందుకు?" అనేది. శ్రుతి నిలవని అమ్మాయికి నెల తిరిగేసరికి మూడు పాటలొచ్చాయి. వాళ్ళ వంటింట్లో సోడా ఉప్పుతో పొంగించిన రొట్టె కాలుతుండేది. మధ్యలో ఎండుద్రాక్ష, పైన కత్తితో గీసిన పెద్ద గాటు. వెన్న రాసుకుని తింటే కిందిపెదవి దాకా కారేది.

ఇంటికొచ్చి ఊదుతుంటే సంగీతం ఆంటీ కిటికీలోంచి కేక వేసేది. "సందెవేళ ఈల ఏంటమ్మాయ్, పాములొస్తాయి!" ఇంకోరోజు, "అదేంటే, ఆవిడ ఊదింది నువ్వు ఊదుతావా? ఎంగిలి కాదూ?"

ఎంగిలి సంగతి నర్సాంటీకి చెబితే ఆమె పిల్లనగ్రోవిని స్పిరిట్ దూదితో తుడిచి, "ఇప్పుడు మీ దేవుడికైనా ఇవ్వొచ్చు" అంది. పాము సంగతి మాత్రం నేనే తేల్చుకోదలిచాను. వారం రోజులు సందెవేళ ఇసుకదిబ్బ అంచున కూర్చుని, ఒళ్ళంతా చెవులు చేసుకుని ఊదాను. మొదటి రోజు ఒక పిల్లి వచ్చింది. తర్వాత రెండు మేకలొచ్చాయి. చివరికి పఠాన్ వాచ్‌మన్ వచ్చి, "యల్లా బేటీ, ఘర్ జావ్, నమాజుకు టైమైంది" అన్నాడు. పాము రాలేదు. నా జీవితంలో మొదటి ప్రయోగం అది. ఫలితం సంగీతం ఆంటీకి నివేదిస్తే, "నీకు సరిగ్గా ఊదడం రాలేదేమో" అంది. నమ్మకం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది: అది ఎప్పుడూ ఓడదు, ఎందుకంటే అది ఎప్పుడూ బరిలోకి దిగదు.

శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో పాటల సభ జరిగేది. ఆ వరసలోని వాళ్ళంతా వచ్చేవాళ్ళు. అంకుల్ బౌరాన్ పట్టుకునేవాడు, నర్సాంటీ ఫిడేలో పిల్లనగ్రోవో అందుకునేది. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. పాడినవాళ్ళకు పిలిచే హక్కు దక్కుతుంది. వాళ్ళు ఎవరిని చూపిస్తే తర్వాత వాళ్ళు పాడాలి, లేదా వాయించాలి, ఏదీ రాకపోతే ఒక కథైనా చెప్పాలి. 'రాదు' అనే మాట చెల్లదు. పెద్దా చిన్నా లేదు, ఇంజనీరూ హెల్పరూ లేడు. "మా దేశంలో ఈ పిలుపును కాదన్నవాళ్ళకు రెండోసారి టీ పొయ్యరు" అని అంకుల్ కళ్ళెగరేసేవాడు.

ఒకసారి ఆ పిలుపు బాపుకు తగిలింది. బాపు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. తర్వాత ప్లాంటులో గోడకు రాసి ఉండే భద్రతా సూత్రాలను ఇంగ్లీషులో మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాడు. గ్యాస్ లీకైతే గాలికి ఎదురుగా పోవాలి, పరుగెత్తకూడదు, హెల్మెట్ తీయకూడదు. అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ దానికి బౌరాన్‌తో తాళం కూడా వేశాడు. అవ్వ మాత్రం ఎప్పుడూ దొరికేది కాదు. పిలిచే ఘడియ వచ్చేసరికి కప్పులు కడిగే నెపంతో వంటింట్లో ఉండేది.

కప్పులు కడుగుతూ ఆమె పాటలన్నీ వినేది. ఒకరోజు నర్సాంటీ కళ్ళు మూసుకుని, వాయిద్యాలు లేకుండా ఒక పాట పాడింది. అవ్వ తడిచేతులతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమంటుందే పాటల?" అని నన్నడిగింది.

"ఒకాయన పనికోసం ఓడెక్కి సముద్రం దాటిండట. పెండ్లాం ఒడ్డున నిలవడి అలలను తిడుతుందట."

"గిది మన దుబాయ్ పాటనే కదనే! గీళ్ళకెట్ల ఎరుకైంది?"

మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అవ్వకు ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళైనా ఖతర్ అనడం రాలేదు.

ఆ పాట మొదలు అవ్వకు ఐర్లండ్ వాళ్ళు పరాయివాళ్ళు కాకుండా పోయారు. ఆమె ఇంగ్లీషు రెండు ముక్కలు: కమ్ కమ్, ఈట్ ఈట్. ఆ రెండిటితోనే సంసారమంతా నడిపింది. సర్వపిండి చేసి పంపితే అంకుల్ కారానికి గడ్డం కంటే ఎర్రగా అయి, నీళ్ళు తాగి, ఇంకోటి అడిగాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఆ ఇంట్లో కుదురుండేది కాదు. సముద్రపు తేమకు బౌరాన్ తోలు సాగిపోయేది. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు బద్‌బద్‌మనేది. అంకుల్‌కూ తెలుసు అది. "మా ఊళ్ళో చలిమంట పక్కన పెడతాం. ఈ దేశంలో ఎండే తప్ప మంట ఎక్కడ దొరుకుతుంది?" అంటూ నర్సాంటీ తల ఆరబెట్టుకునే మెషిన్‌తో వేడిగాలి కొట్టేవాడు. రెండు పాటల తర్వాత మళ్ళీ బద్‌బద్. ఆ చప్పుడు వస్తే వంటింట్లో అవ్వ పళ్ళు కొరికేది. ఇంటికొచ్చాక పాలపొడి డబ్బా బోర్లించి, అన్నం ఉడికేలోగా వేళ్ళతో అదే తకిట తకిటను సరిగ్గా వాయించేది. బాపు పేపర్ దించి, "సప్పుడు" అనేవాడు. డబ్బా ఆగేది.

అప్పుడే దసరా వచ్చింది. సంగీతం ఆంటీ తన ఇంట్లో ఆయుధపూజ పెట్టుకుని, వరసలోని అందర్నీ పిలిచింది. "ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చుకోండమ్మా, అన్నిటికీ బొట్టు పెడదాం" అంది. బాపు స్పానర్ సెట్ తెచ్చాడు. ఇన్‌చార్జి గారు కాలిక్యులేటర్ పెట్టారు. నర్సాంటీ స్టెతస్కోపు తెచ్చింది. ఎర్రగడ్డం అంకుల్‌కు సంగతి సగమే అర్థమైంది. పనిముట్టు అంటే ప్రాణప్రదమైన వస్తువు అనుకుని, బౌరాన్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది ఆంటీ. "ఏం తోలండీ?"

"మేక."

"మేకా? ఫర్వాలేదు. మన మృదంగానికీ మేకతోలు వేస్తారుగా." దాన్ని రెండు చేతులా అందుకుని, అమ్మవారి పటం పక్కన, వీణకు ఈవల, గోడకు ఆనించింది. తడిపసుపుతో మూడు వేళ్ళ గీతలు. మధ్యలో రూపాయంత కుంకుమ. ఒక బంతిపువ్వు. హారతి పళ్ళెం దాని ముందు మూడుసార్లు తిరిగింది. కళ్ళకద్దుకొమ్మని అందరికీ పళ్ళెం పట్టింది.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి. భక్తితో ఏడుస్తోందనుకుని పక్కనున్నావిడ వీపు నిమిరింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక అవ్వ నేల మీద కూలబడి నవ్వింది. ఆ రోజు ఉమ్ సలాల్ తోటలో పనిచేసే మా చిన్నబాపు కూడా వచ్చి ఉన్నాడు. "ఏమైంది వదినె, దయ్యం పట్టిందా?" అన్నాడు.

"మా నాయిన డప్పును పటేల్ గారి వాకిట్ల కూడా వెట్టనియ్యకపోదురు మర్ది! లగ్గానికి పిలిచి, దడి అవుతల నిలవెట్టి కొట్టిచ్చుకుందురు. గిప్పుడు సూడు. సక్కగ పోయి దేవుని పక్కపొంటి గూసున్నది. బొట్టు వెట్టుకున్నది, పువ్వు వెట్టుకున్నది!"

"విమానమెక్కొచ్చిందని మర్యాద జేసిన్రు," అన్నాడు చిన్నబాపు. "మనం గూడ విమానమెక్కే వచ్చినం గద, మనకేది బొట్టు?"

"సప్పుడు చెయ్యకున్రి," అన్నాడు బాపు. "ఎదురింటికి ఇనవడ్తది. రేపు షిఫ్టుల గాయిన ముంగటనే నిలవడాలె నేను."

బాపు ముఖంలో నవ్వు లేదు. ఊళ్ళో ఐటీఐ చదివేటప్పుడు హాస్టల్లో తన పళ్ళెం వేరే మూలన పెట్టించిన సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు, చిన్నబాపు చెప్పాడు. అలాంటి మనిషి సముద్రం దాటి, బాయిలర్ సూటు వేసుకుని, ఎదురింటి సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆ కాఫీ కప్పు పోతుందని ఆయన భయం. అవ్వ నవ్వు ఆపి లేచింది. పాలపొడి డబ్బాను బీరువా మీదికి ఎక్కించింది.

బీరువా మీది ఆ డబ్బాను చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. పాము రాలేదని రుజువు చేశాక కూడా ఈల ఊదొద్దన్నట్టుగా ఉంది.

దసరా పిలుపుకు బదులుగా నర్సాంటీ మరుసటి శుక్రవారం సంగీతం ఆంటీని, ఇన్‌చార్జి గారిని తమ పాటల సభకు పిలిచింది. కిటికీ బయట సముద్రం మీదినుంచి తడిగాలి. లోపల రొట్టె వాసన, ఏలకుల టీ. గోడకు బౌరాన్, దాని మీద ఇంకా చెరగని కుంకుమ. పాపం, తుడిస్తే తప్పేమోనని అంకుల్ తుడవలేదు. సంగీతం ఆంటీ దాన్ని చూసి మురిసిపోయింది.

నర్సాంటీ పాడి, నన్ను పిలిచింది. నేను పిల్లనగ్రోవి తీసి నాకొచ్చిన గంతుల పాట ఊదాను. అంకుల్ తాళం వేశాడు. బద్‌బద్. వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు. నేను ముగించాను. చప్పట్లు ఆగాయి. ఇప్పుడు పిలిచే హక్కు నాది.

బాపు నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళు వద్దంటున్నాయి. నేనేం చేయబోతున్నానో ఆయనకు నాకంటే ముందే తెలిసినట్టుంది.

"మా అవ్వ!" అన్నాను.

మమ్మీ అనలేదు. అవ్వ అన్నాను, వంటింటి దాకా వినబడేలా.

"అవ్వంటే ఎవరమ్మా? మీ నానమ్మ వచ్చిందా?" అంది సంగీతం ఆంటీ అమాయకంగా.

అవ్వ గుమ్మంలోకి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ బాపును చూసింది, నన్ను చూసింది. తర్వాత అంకుల్ చేతిలోని బౌరాన్‌ను చూసింది. అప్పుడు ఆమెకు మేమెవరమూ కనబడలేదనుకుంటాను.

"కమ్ కమ్," అంటూ అంకుల్ దగ్గర దాన్ని గుంజుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగింది. మేమందరం గుమ్మం దగ్గర గుమిగూడాం. అవ్వ దాన్ని మంటకు మూరెడు ఎత్తున పట్టి, అంచు పట్టుకుని తిప్పుతోంది, రొట్టె కాల్చినట్టు. మధ్యమధ్య వేలితో తట్టి చెవి పెడుతోంది. తోలు వాసన లేచింది, పసుపు కాలిన వాసన దానితో కలిసింది. వేలి చప్పుడు నెమ్మదిగా మారింది. బద్ అన్నది టక్ అంది, టక్ అన్నది టంగ్ అంది.

"అదీ!" అని గావుకేక పెట్టాడు అంకుల్.

అవ్వ అంకుల్ చిన్న కర్రను పక్కన పడేసి, చెక్క గరిటె కాడను కుడిచేతికి, చీపురు పుల్లను ఎడమచేతికి తీసుకుంది. గదిలోకి వచ్చి బౌరాన్‌ను భుజానికి ఆనించింది. "ఊదు," అంది నాతో.

ఊదాను. ఆ తకిట తకిట కింద భూమి ఉన్నట్టు నాకు మొదటిసారి తెలిసింది. అవ్వ దరువు పాటను వెంబడించలేదు, పాటను ముందుకు తోసింది. ఆ శుక్రవారం మాతో పాటే వచ్చిన చిన్నబాపు ఒక మూల లేచి అడుగు వేశాడు. నర్సాంటీ చెప్పులు విప్పేసి, చేతులు కిందికి నిటారుగా పెట్టి, కాళ్ళతో మాత్రమే ఎగిరే వాళ్ళ ఆట మొదలుపెట్టింది. ఆవిడకు చేతులు కదలవు, చిన్నబాపుకు చేతులు ఆగవు. ఇద్దరూ ఎదురెదురుగా! నవ్వు ఆపుకోలేక నాకు ఊపిరి తప్పింది. పిల్లనగ్రోవి ఆగినా డప్పు ఆగలేదు. ఊళ్ళో లగ్గానికి ఎదురుకోళ్ళప్పుడు కొట్టే దరువు అందుకుంది. సోఫా చివర కూర్చున్న బాపు ముఖం రాయిలా ఉంది. బూటు మాత్రం నేలను తడుతోంది.

ఆఖరి దెబ్బ పడింది.

సంగీతం ఆంటీ నోరు తెరుచుకుని ఉంది. "ఇది... ఇది డప్పు కదండీ?" అంది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా నాయిన దగ్గర," అంది అవ్వ. చెమట తుడుచుకుంది. "మా ఊరికి సాటింపు ఆయనే ఏసేటోడు. సావుకైనా లగ్గానికైనా ఆయన డప్పే. మేం గాళ్ళమమ్మా."

ఇంత చిన్న వాక్యాన్ని దాచడానికి బాపు ఎన్ని కిటికీలు మూశాడో!

ఇన్‌చార్జి గారు టీ కప్పులోకి చూస్తున్నారు. నర్సాంటీకి అవ్వ మాటలు అర్థం కాలేదు, ఆ ఇబ్బంది మాత్రం తగిలినట్టుంది. ఆమె సంగీతం ఆంటీ చేయి పట్టుకుని, ఆనందంతో, ఏ కల్మషమూ లేకుండా ఇంగ్లీషులో అంది: "చూశారా, మీరు పూజ చేశాకే దీనికి ఇంత మంచి గొంతు వచ్చింది!"

నేను తెలుగులోకి మార్చి చెప్పబోయాను. అవసరం లేకపోయింది. ఆంటీకి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆమె చూపు బౌరాన్ మీది కుంకుమ మీద పడి, అక్కడే చిక్కుకుంది.

అవ్వ మాటలు నేను ఇంగ్లీషులో చెబితే, అంకుల్ అప్పుడు తన వంతు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళోనూ తన తాతల నాడు దీన్ని పెద్దిళ్ళలోకి తెచ్చేవాళ్ళు కాదట. ఏడాదికోసారి, క్రిస్మస్ మర్నాడు, కూలివాళ్ళ పిల్లలు గడ్డి టోపీలు పెట్టుకుని దీన్ని వాయిస్తూ ఇంటింటికీ తిరిగి అడుక్కునేవాళ్ళట. మిగతా రోజుల్లో ధాన్యం చెరగడానికి వాడేవాళ్ళట. "మా నాయనమ్మ దీన్ని చేటగానే ఎరుగును" అని నవ్వాడు. "అది సరే. పిలవాల్సింది ఇప్పుడు ఈవిడ."

అవును, కట్టుబాటు. వాయించినవాళ్ళదే పిలుపు.

అవ్వ గదంతా కలియజూసింది. అవ్వ గరిటె కాడను సంగీతం ఆంటీ వైపు చూపించింది.

"మీరు పాడున్రమ్మా. నేను కొడ్త."

"నేనా? గొంతు బాలేదండీ..."

"రాదు అనే మాట చెల్లదు," అని గది మొత్తం, ఐదారు దేశాల యాసల్లో, ఒకేసారి అరిచింది. ఆ రోజు అరిచినవాళ్ళలో ఇన్‌చార్జి గారూ ఉన్నారు. "నియమం నియమమే కదుటే," అన్నారు పెళ్ళాంతో. షిఫ్టులో బాపు ఆయన నోటినుంచి రోజూ వినే మాటే.

ఆంటీ లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఆమె చీర కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, గోడ వైపు తిరిగింది. కీర్తన ఎత్తుకుంది. మొదట గొంతు వణికింది, రెండో చరణంలో తాళం జారింది. అవ్వ దెబ్బ ఆమెకోసం ఒక్క క్షణం ఆగి, చేయి ఇచ్చి ఎక్కించుకున్నట్టుగా మళ్ళీ అందుకుంది. ఆంటీ అప్పుడు ఇటు తిరిగింది. పాట అయిపోయేదాకా అవ్వ చేతుల్నే చూస్తూ పాడింది.

మంచి కథ ఇక్కడ ఆగాలి. జీవితం మంచి కథ కాదు. మర్నాటినుంచి ఆంటీ ఇంటినుంచి పులిహోర స్టీలు డబ్బాలో రావడం మానేసింది. పారేసే ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేది. కానీ వచ్చేది. ఒక పాటకే మనిషి మారిపోతాడని నమ్మితే, నాలాంటివాళ్ళకు ఇన్ని వ్యాసాలు రాసే పనే ఉండదు. అవ్వ ఆ ప్లాస్టిక్ డబ్బాను కడిగి, దాని నిండా సకినాలు పోసి పంపేది. ఎన్నో వారాల తర్వాత ఒక సాయంత్రం మా తలుపు తట్టింది ఆంటీయే. "మీరు తిప్పి పంపిన ప్లాస్టిక్ డబ్బాలు మా ఇంట్లో పేరుకుపోయాయమ్మా. ఇకనుంచి స్టీలువాటిలోనే ఇచ్చిపుచ్చుకుందాం, ఇవి నిలవవు" అంది నేలచూపులు చూస్తూ. క్షమాపణ అంటే నిఘంటువులో ఇంకేదో ఉంటుంది. నాకు మాత్రం అదే.

బాపు ఉద్యోగం పోలేదు. ఆయన ఇన్నాళ్ళూ భయపడ్డది ఏదీ జరగలేదు. జరిగింది ఆయన ఊహించనిది. ఆ సభ తర్వాత వచ్చిన శుక్రవారం బోటికూర ఉడుకుతుండగా లేచి వెళ్ళి, ఒక కిటికీ రెక్క తీశాడు. గాలి వచ్చింది, అమోనియాతో సహా. "గీ వాసన ముంగట బోటి వాసనెంత?" అని తనలో తనే నవ్వుకున్నాడు. పాలపొడి డబ్బా బీరువా దిగింది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవట. ఎర్రగడ్డం అంకుల్, నర్సాంటీ ఏ ఒడ్డున ఉన్నారో తెలియదు. ఆ పిల్లనగ్రోవి నా బల్ల సొరుగులో ఉంది, పచ్చమూతి వెలిసిపోయింది.

మొన్న హోటల్లో విరామం రాగానే నేను బయటికి వెళ్ళాను. డప్పుల బృందం గోడవారగా కాగితాలు పోగేసి మంట పెట్టుకున్నారు. వానాకాలపు తేమ. ఇంట్లో ఉన్న అవ్వకు ఫోన్ చేసి, "జెర ఇను" అని ఫోన్‌ను డప్పుల దగ్గర పట్టాను. వాళ్ళలో ఒకామె నన్ను వింతగా చూసి, వాయించి చూపింది. నేను ఫోన్ చెవికి పెట్టుకున్నాను. వయసుతో చెవులు మందగించాయి కదా, వినబడలేదేమో అనుకున్నాను.

"ఎడమచేతి పుల్ల పడేకాడ తోలు ఇంకా సాగుతాంది బిడ్డా," అంది అవ్వ. "ఇంకింత కాగవెట్టుమను."

చెప్పాను. వాయించినామె నవ్వి, డప్పును మంట మీదికి వంచింది.